రాజాం నుంచి నాలుగు గాజు గొట్టాలు

ఉదయం ఆరింటి పాసింజరుకి విశాఖపట్నంలో ఎక్కాను. ఒళ్ళో తగరపు పెట్టె. అందులో దూదిలో చుట్టిన గాజు గొట్టాలు నాలుగు, సిరంజీలు మూడు. నెత్తురు గడ్డకట్టించే ప్రోటీన్ల మీద నేను పరిశోధన చేస్తున్న రోజులవి. రాజాం దగ్గర అప్పలస్వామి అనే యువ రైతుకి హెర్నియా, మర్నాడు విజయనగరంలో ఆపరేషన్. వాళ్ళన్న పన్ను పీకించుకుని నెత్తురు ఆగక చనిపోయాడు. ఇతని నెత్తురు గడ్డకడుతుందని తేలితేగాని కత్తి పట్టనన్నారు సర్జన్ గారు. అది తేలేదాకా కొడుకుని గడప దాటనివ్వనంది తల్లి పైడమ్మ. పేగు బిగుసుకునేలా ఉంది, ఆగడానికి వీల్లేదు. అందుకని నేనే బయల్దేరాను.

చీపురుపల్లిలో దిగి, స్టేషన్ బయట ఇడ్లీ తిని రాజాం బస్సెక్కాను. ఆ దారిన వెళ్ళేవారికి ఒక మాట: ముందు సీటు దొరక్కపోతే తర్వాతి బస్సుకి ఆగండి, వెనక కూర్చుంటే నడుం మీది కాదు. కొండల్లో గొడవల రోజులు కావడంతో పోలీసులు బస్సు ఆపారు. ఒకాయన పెట్టె తెరిపించి "ఏటివి?" అన్నాడు. నెత్తురు పట్టే గొట్టాలన్నాను. చప్పున మూత వేసేశాడు.

పైడమ్మ ఇంటికి చేరగానే మూడు గొట్టాలు తీసి కిటికీ దగ్గర పెట్టాను, నాలుగోది పెట్టెలోనే ఉంది. అన్నం తినందే సూది పట్టనివ్వనంది పైడమ్మ. గోంగూర పచ్చడితో తృప్తిగా తిని, అప్పలస్వామి నెత్తురు తీసి ఆ మూడు గొట్టాల్లో పోసి గుప్పిట్లో పట్టుకున్నాను. పది నిమిషాల్లోపే మూడూ గడ్డకట్టాయి. "భయం లేదమ్మా" అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని కొడుకు బట్టలు సర్దింది. తల్లీకొడుకులతో పాటు అతని చెల్లెలి మొగుడు గౌరునాయుడు కూడా నాతో బయల్దేరాడు.

నాలుగు గంటల రైలు చీపురుపల్లి వదిలాక చూశాను, అప్పలస్వామి మోచేతి మడతలో దూది ఇంకా తడిగా ఉంది. పెట్టె తెరిచాను. గొట్టాల్లో గడ్డ కుంచించుకుంది గానీ, పైన పసుపుపచ్చగా తేరాల్సిన నీరు ఎర్రగా ఉంది. అంటే లోపల కణాలన్నీ పగిలిపోయాయన్న మాట.

"పైడమ్మగారూ, ఈ గొట్టాలు ఎవరైనా ముట్టుకున్నారా?"

"నేనే కడిగినానమ్మా. దూది అంటుకున్నాది. కుంకుడు రసంతో తోమీసి ఎండలో పెట్టినాను. తప్పేటి?"

కుంకుడు రసం కణాల పొరని చీల్చేస్తుంది. గడ్డకట్టించే ప్రోటీన్లు ఆ పొర మీద చేరితేనే పని చేస్తాయి. గొట్టంలో చిరిగిన పొరలు బోలెడు దొరికాయి కాబట్టి గడ్డకట్టింది. అతని ఒంట్లో సంగతేమిటి? పరీక్ష చెల్లదని చెప్పేశాను.

"ఇందాక బయ్యం లేదన్నారు గదా," అన్నాడు గౌరునాయుడు.

గరివిడిలో రైలు ఆగగానే రెండో సిరంజీతో నెత్తురు తీసి నాలుగో గొట్టంలో పోశాను. గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాను. నెల్లిమర్లలో జూటు మిల్లు కూలీలు ఎక్కారు. "ఏటమ్మా, మందా?" అని ఒకామె అడిగింది. గొట్టం వంచాను. నెత్తురు జారింది. విజయనగరం వచ్చేటప్పుడు వంచితే మళ్ళీ జారింది.

ప్లాట్‌ఫారం మీద పైడమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది. "ఇంటికి పద. మీ అన్న దగ్గర తువ్వాలు మీద తువ్వాలు మార్చినాను."

"వెనక్కి తీసుకెళితే పేగు చంపుతుందమ్మా. మీరు కడిగిన గొట్టాల్లో గడ్డకట్టింది గనక ప్రోటీన్లు ఉన్నట్టే. లోపం కణాల పొరలో ఉన్నట్టుంది, చిరిగితేగాని అది ప్రోటీన్లని చేరనివ్వడం లేదు. ఇంకొకరి తాజా నెత్తురు ఎక్కిస్తే గడ్డకట్టాలి."

"కట్టాలా? ఇదీ ఇందాకటి మాటేనా?" అంది పైడమ్మ.

గౌరునాయుడు బెంచీ మీద కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "నాది కలిపి సూడండి." మూడో సిరంజీతో తీసి, జారుతున్న నెత్తురులో కొంచెమే కలిపి గొట్టం పైడమ్మ చేతికే ఇచ్చాను. ఆవిడ గుప్పిట మూసింది. మా బండి వెళ్ళిపోయింది, గూడ్సు ఒకటి వచ్చి వెళ్ళింది. నేను చెప్పాక ఆవిడ గొట్టం తలకిందులు చేసింది. చుక్క రాలలేదు. మరోసారి తిప్పి చూసుకుని, "ఆస్పత్రి ఎటేపు?" అంది.

సర్జన్ గారు నా మాట ఓపిగ్గా విని ఒప్పుకున్నారు. రాత్రి సత్రంలో నిద్ర పట్టలేదు. ఉదయం, సరిపడిందని ఆస్పత్రివాళ్ళు తేల్చాక, గౌరునాయుడి నెత్తురు ఎక్కించి ఆపరేషన్ చేశారు. కట్టు మధ్యాహ్నం దాకా పొడిగానే ఉంది. చూసి ఏడ్చేశాను, సిగ్గేమీ పడలేదు.

తిరుగు బండికి బయల్దేరుతుంటే పైడమ్మ మంచం పక్కనుంచి లేవకుండానే నా చెయ్యి పట్టుకుంది. "ఇంత సులువా అమ్మా ఇది? మరి మా పెద్దోడికి ఎవులూ సెప్పలేదేటి?"

పాసింజరు ఖాళీగా ఉంది, కిటికీ పక్కనే సీటు దొరికింది. ప్రయాణం సుఖంగా సాగిందనే రాయాలి. కొత్తవలసలో టీ కొనుక్కున్నాను గానీ, తాగలేకపోయాను.