స్టీలు తీగల మీద తాతయ్య పగ

మా తాతయ్య గిటార్ల దుకాణం పెట్టింది గిటార్లు అమ్మడానికని అందరూ అనుకునేవాళ్లు. అసలు సంగతి నాకు తెలుసు. స్టీలు తీగల గిటారు ఎవరూ కొనకుండా కాపలా కాయడానికి పెట్టాడు.

అలాంటివి పదకొండు మా గోడకి వేలాడేవి. రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డతో ఒక్కొక్కదాన్నీ పసిపిల్ల మూతి తుడిచినట్టు తుడిచేవాడు. ఎవరైనా వచ్చి వాటిలో ఒకదానివైపు వేలు చూపిస్తే మాత్రం ఉన్న ఇల్లు రాసిమ్మన్నట్టు ముఖం పెట్టేవాడు.

"వాయించుకోవడానికా, బట్టలారేసుకోవడానికా?"

"వాయించుకోవడానికేనండీ."

"అయితే నైలాన్ తీగలది తీసుకో. బట్టలకైతే చెప్పు, ఇది ఇస్తాను."

ప్రతి గిటారు మీదా ఆయనకొక అభిప్రాయం ఉండేది. ఎలక్ట్రిక్ గిటారు మైకు లేకపోతే నోరు పెగలని వక్తట. పన్నెండు తీగలది ఉమ్మడి కుటుంబమట, ఒకరిని సముదాయించేసరికి పక్కవాడు అలుగుతాడట. బేస్ గిటారు వింటుంటే పై వాటాలో ఎవరో మంచం జరుపుతున్నట్టు ఉంటుందట. స్టీలు తీగలది పొద్దున లేస్తూనే పక్కింటివాళ్లతో తగవు పెట్టుకునే రకమట. నైలాన్ తీగలది ఒక్కటే మన పక్కన కూచుని మనిషిలా మాట్లాడుతుందట.

ఒక కుర్రాడు స్టీలు గిటారు కోసం వచ్చి, తాతయ్య ఉపన్యాసం విని, నైలాన్‌ది పట్టుకుపోయాడు. వారం తిరక్కుండా మార్చుకుపోదామని మళ్లీ వచ్చాడు. వాడు వీధి మలుపులో కనబడగానే తాతయ్య పనిబల్ల కింద దూరాడు. కంగారులో చెప్పులు బయటే వదిలేశాడు. కుర్రాడు చాలాసేపు నిలబడి, కష్టసుఖాలన్నీ ఆ చెప్పులతోనే చెప్పుకుని వెళ్లిపోయాడు.

మా మావయ్య ఆ రోజు తల పట్టుకున్నాడు.

"నాన్నా, మన కొట్లో సరుకుని మనమే తిడితే ఎలా?"

"తిట్టడం కాదురా, నిజం చెబుతున్నాను."

"అదేదో అమ్మేశాక చెప్పొచ్చుగా."

నా చదువు గురించి కూడా ఇక్కడ కాస్త చెప్పాలి. సిగ్గుపడే విషయం కాబట్టి టూకీగా చెబుతాను. తొమ్మిదో తరగతి దాకా నా పేరు బడికి వెళ్లింది. నేను మాత్రం ఎక్కువగా దుకాణంలోనే ఉండేదాన్ని. నాకు కడుపునొప్పి సరిగ్గా పావు తక్కువ తొమ్మిదికి వచ్చి, బడిగంట కొట్టగానే తగ్గిపోయేది. ఏం అడిగినా కాదనని తాతయ్య ఈ ఒక్క విషయంలో మాత్రం మొండి. కాసేపటికోసారి నా కడుపు గురించి అడిగేవాడు. తగ్గిందంటే చాలు, సంచీ భుజానికి తగిలించి, "నడవ్వే కోతీ, నడు" అని గుమ్మం దాకా నెట్టేవాడు. పాపం, చదువంటే ఎంత గౌరవమో అనుకునేదాన్ని.

ఐదేళ్లప్పుడు నేను ఇంకో ఘనకార్యం కూడా చేశాను. తాతయ్య చెక్కలు బిగించే ఇనప పట్టు ఎంతవరకు బిగుస్తుందో చూద్దామని ఎడమచేతి వేళ్లు రెండు అందులో పెట్టి, కుడిచేత్తో పిడి తిప్పాను. చాలానే బిగుసుకుంది. వేళ్లు మానాయి గానీ, కొసల్లో చర్మం ఉల్లిపొరలా పలచబడిపోయింది. మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్లు కాదు. మరుసటేడు గిటారు నేర్పమని పేచీ పెడితే, తాతయ్య నైలాన్ తీగలది నా ఒళ్లో పెట్టి నేర్పాడు.

పదేళ్లప్పుడు ఒక స్నేహితురాలింట్లో స్టీలు తీగ నొక్కి చూశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. పరిగెత్తుకొచ్చి తాతయ్యకి చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నీ వేళ్లకేం, లక్షణంగా ఉన్నాయి. ఆ తీగే దుర్మార్గపుది. ఎవరి వేళ్లకయినా అంతే."

నమ్మేశాను. ఆ రోజు నుంచి నేనూ ఆయన పార్టీయే. గోడకున్న ఆ పదకొండింటినీ ఇద్దరం కలిసి తిట్టేవాళ్లం. వచ్చేపోయేవాళ్లు ఆయన్ని "నైలాన్ తాత" అంటుంటే, ఆ పేరు షట్టరు మీద సుద్దముక్కతో రాసింది నేనే.

నాకు పదమూడేళ్లున్నప్పుడు, లెక్కల పరీక్షల వారంలో, మంచాలాయన వచ్చాడు. ఆయన తాతయ్యకి చిన్ననాటి స్నేహితుడు, వాయించేది బేస్ గిటారు కాబట్టి ఆ పేరు. వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ ఒక హోటల్ హాల్లో సాయంత్రాలు వాయించేవాళ్లట. ఆ హాలు ఇప్పుడు కూల్చేస్తున్నారట. శనివారం పాతవాళ్లంతా కలిసి చివరిసారి వాయిద్దామని అనుకున్నారట.

"నువ్వు లేకపోతే ఎలారా? ఆ స్టీలు గిటారు తీసుకుని..."

"స్టీలా? అది బట్టలారేసుకునే తీగరా" అన్నాడు తాతయ్య, మాట పూర్తికానివ్వకుండా.

మంచాలాయన తెల్లబోయాడు. తాతయ్య ముఖం చూశాడు, నన్ను చూశాడు, నా ఒళ్లో ఉన్న నైలాన్ గిటారు చూశాడు. నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు.

"మా తాతయ్యకి స్టీలు వాయించడం రాదండీ. అందుకే తిడతాడు" అన్నాను.

తాతయ్య గట్టిగా నవ్వాడు. "దొరికిపోయానురా. నాకు రాదు" అన్నాడు.

మంచాలాయన మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. నాలుగు రోజులు వరసగా వచ్చి, తలుపు దగ్గర నిలబడి లోపలికి తొంగిచూసి, ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్లిపోయాడు. శనివారం సాయంత్రం తాతయ్య ఎక్కడికీ వెళ్లలేదు. ఒకే గిటారుకి తీగలు బిగించాడు, విప్పాడు, మళ్లీ బిగించాడు.

"అదేం తప్పు చేసింది తాతయ్యా?" అని అడిగాను.

"ఏం లేదే. దానికివాళ మనసు బాగాలేదు" అన్నాడు.

అదొక జోకనుకుని నవ్వాను. ఆ నవ్వు వెనక్కి తీసుకునే వీలుంటే బాగుండును.

పోయినేడు తాతయ్య వెళ్లిపోయాడు. ఇల్లు సర్దుతుంటే వెనకగదిలో బీరువా జరపమంది అమ్మమ్మ. బీరువా వెనక ఒక నల్లపెట్టె, అందులో ఒక స్టీలు తీగల గిటారు. మెడ మీద ఇత్తడి మెట్లు తీగల రాపిడికి గుంటలు పడ్డాయి. అలా అరగాలంటే ఏళ్లు పడుతుందని మా వృత్తిలో చిన్నపిల్లకయినా తెలుసు. తీగలు మాత్రం కొత్తవి, ఒక్కదానికీ తుప్పు లేదు.

"ఇదెవరిది అమ్మమ్మా?"

"ఇంకెవరిదే? ఆయన ప్రాణం దాన్లోనే ఉండేది. నువ్వు గిటారు నేర్పమని ఏడ్చిన రోజు తెచ్చి ఇక్కడ దాచారు. 'మంచిది నేను పట్టుకుని మెత్తనిది పిల్ల చేతికిస్తే, తన వేళ్లు పనికిరావని అనుకుంటుంది' అన్నారు."

"మరి వాయించేదెప్పుడు?"

"నువ్వు బడికెళ్లిన రోజున."

నేను బడికి వెళ్లిన రోజులు లెక్కపెట్టాను. ఆ లెక్కకి నా తొమ్మిదో తరగతి లెక్కలు చాలు. ఇలా అని ఒక్క ముక్క ముందే తెలిసుంటే ఈపాటికి పెద్ద చదువులన్నీ చదివేసి ఉండేదాన్ని.

దుకాణం ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. మొన్న మంచాలాయన వచ్చాడు. చేతికర్ర గోడకానించి, తాతయ్య పీట మీద కూచున్నాడు. చాలాకాలంగా అడగాలనుకున్నది అడిగాను.

"ఆ హాలు కూల్చే ముందు, నాలుగు రోజులు వరసగా ఎందుకొచ్చారండీ?"

"మొదటిరోజే నన్ను సాగనంపుతూ గుమ్మం బయట చెప్పాడమ్మాయ్, నువ్వు లేనప్పుడు రమ్మని. ఒక్క పూట కలిసి సాధన చేసుకుంటే చాలు, శనివారం వస్తానన్నాడు. నీ ఎదురుగా మాత్రం ఆ పెట్టె తెరవనన్నాడు. నేను వచ్చిన నాలుగు రోజులూ నీకు కడుపునొప్పే."

వెనకగదిలోకి వెళ్లి, పెట్టె తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన మూత తీసి, అరిగిన మెట్ల మీద బొటనవేలితో నెమ్మదిగా రాశాడు.

"ఇప్పుడెలా ఉంది నీ కడుపు?"

"బాగానే ఉందండీ."

"అయితే నీ గిటారు తెచ్చుకో. నాకు వాడంత రాదు గానీ, వాడు వేళ్లెక్కడ పెట్టేవాడో నాకు తెలుసు."

నైలాన్ గిటారు తెచ్చుకుని ఎదురుగా కూచున్నాను. ఆయన ఒక మెట్టు తప్పాడు, నేను రెండు తప్పాను. అయినా రెండు గిటార్లూ తగవు పెట్టుకోకుండా పక్కపక్కనే కాసేపు మాట్లాడుకున్నాయి. అంతలో ఎవరో కొనేవాళ్లు గుమ్మంలోకొచ్చి నిలబడి, ఆయన చేతిలో ఉన్నదానివైపు వేలు చూపించి, అది అమ్ముతారా అని అడిగారు.

ఇద్దరం ఒక్కసారే తలెత్తాం.

"వాయించుకోవడానికా, బట్టలారేసుకోవడానికా?"