వెల్లకిలా పడుకున్న చిప్పు

మొన్న యాప్రాల్‌లో ఉండే మా మేనకోడలు ఒక చిన్న పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. విప్పి చూస్తే పచ్చటి సర్క్యూట్ బోర్డులు, తమలపాకుల్లా నున్నగా ఉన్నాయి. బొమ్మ కంప్యూటర్‌లో గీసి ఫ్యాక్టరీకి పంపితే చాలునట, నువ్వుగింజంత ముక్కలను కూడా అక్కడి మిషన్లే అతికించి కొరియర్‌లో పంపేస్తాయట. "ఒక్క మరక సుత లేదు చూడు మామా" అంది. మరక లేని బోర్డును ఎంతవరకు నమ్మవచ్చో నాకు తెలియదు గాని, బాగుందనే అన్నాను. టంకం పెడుతూ వేళ్ళు కాల్చుకున్న మన తరంవాళ్ళకు నా సందేహం అర్థమవుతుంది.

ఆ పిల్ల ఉయ్యాలలో ఉన్నప్పుడు మేము లాలాగూడ రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. నేను కొత్తగా ఉద్యోగంలో చేరి, సెలవు దొరికితే ఇంట్లో బోర్డులు చేసేవాణ్ణి. జిరాక్సు షాపులో ప్రింటు తీయించిన కాగితాన్ని రాగిరేకు మీద బోర్లించి ఇస్త్రీపెట్టెతో గట్టిగా రుద్దితే గీతలు రాగిమీదికి దిగేవి. తర్వాత దాన్ని ఫెర్రిక్ క్లోరైడ్ నీళ్ళలో ముంచి ఊపుతూ కూర్చుంటే గీతలు లేనిచోట రాగి కరిగిపోయేది. ఆ నీళ్ళు ఒలికిన చోటల్లా తుప్పురంగు మరక. మా స్నానాల గది నేల చూసిన చుట్టాలు ఏమీ అడిగేవారు కాదు, కాస్త త్వరగా వెళ్ళిపోయేవారు, అంతే. అమ్మ ఇస్త్రీపెట్టెను బీరువాలో చీరల వెనక దాచేది. నేను మడత చెదరకుండా తీసేవాణ్ణి.

అక్కకు చిన్నప్పుడే జ్వరం వచ్చి వినికిడి పోయింది. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట్లాడేది, మా అందరికంటే ఎక్కువే మాట్లాడేది. పురిటికి మా ఇంటికి వచ్చి, పాపను తీసుకుని మౌలాలిలోని అత్తవారింటికి బయలుదేరే సమయానికి చిక్కొకటి వచ్చిపడింది. పిల్ల ఏడుపు వినపడని తల్లి దగ్గర పసిదాన్ని పడుకోబెట్టేది లేదని, నడక వచ్చేదాకా తన గదిలోనే ఉంచుకుంటానని అక్క అత్తగారు కబురు పంపింది. ఆమె చెడ్డమనిషి కాదు, భయపడింది. అక్క ఏమీ అనలేదు. అక్క ఏమీ అనకపోవడం మా ఇంట్లో అదే మొదటిసారి కావడంతో అందరం హడలిపోయాం.

ఏడుపు వినబడగానే దిండు కింద వణికే పరికరం చేస్తానని నేనే మాటిచ్చాను. వణకడానికి పాడైన పేజర్‌లోని బుల్లి మోటారు దొరికింది. ఉయ్యాలకు కట్టే డబ్బీ అగ్గిపెట్టెంతే ఉండాలి గనుక, చీమకాళ్ళలాంటి కాళ్ళున్న చిన్న చిప్పు కొన్నాను. అక్కడ చేసిన తప్పు మాత్రం అనుభవజ్ఞులకే సాధ్యం. పెద్ద చిప్పులైతే బోర్డుకు ఒక పక్క గీతలు, రెండో పక్క చిప్పు. ఈ చిన్నవి గీతలున్న పక్కనే కూర్చుంటాయి, అందుకని ప్రింటును అద్దంలో బొమ్మలా తిప్పి తీయించాలి. పెద్దవాటికి అలవాటుపడ్డ నేను తిప్పలేదు. చిప్పు కుడి కాళ్ళ గీతలు ఉండాల్సిన చోట ఎడమ కాళ్ళవి వచ్చాయి. ఆదివారం, షాపులు మూసి ఉన్నాయి, ఇంట్లో మరో రాగిరేకు లేదు, మర్నాడే దాన్ని పరీక్షించడానికి అక్క అత్తగారు వస్తోంది.

బోర్డు తిరగబడితే చిప్పునూ తిరగేస్తే సరి అనుకున్నాను. దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళు ఒక్కొక్కటే సూదితో వెనక్కి వంచి, టంకం పెట్టాను. అక్క భూతద్దం పట్టుకుంది. నేను పైకి అనకుండా తిట్టుకున్న తిట్లన్నీ నా పెదవుల మీద చదివేసి, చాలా రోజుల తర్వాత నవ్వింది.

మర్నాడు మధ్యాహ్నం అత్తగారు వచ్చి ఉయ్యాల ముందు కూర్చుంది. అక్క మోటారును గుప్పిట్లో పట్టుకుని ఉయ్యాలకు వీపు పెట్టి ఆమెకు ఎదురుగా కూర్చుంది. పొద్దంతా రాగాలు తీసే పిల్ల ఆ పూట మునిలా నిద్రపోయింది. ఈలోగా వంటింట్లో కుక్కర్ కూసింది, మోటారు గిర్రుమంది.

"ఏందిరా పిల్లగా, కుక్కర్ కూస్తే సుత లేస్తదా నీ మిషను?" అని అత్తగారు అడిగింది.

ఆమె పెదవులే చూస్తున్న అక్క నాకు నోరు తెరిచే అవకాశం ఇవ్వలేదు. "మంచిదే గద అత్తమ్మా! పెండ్లయినకాంచి విజిళ్ళు నువ్వే లెక్కవెడ్తున్నవ్. ఇగ నేనే జూస్కుంట."

రెండో కూతకు పాప ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది. అత్తగారు మోకాళ్ళమీద చేతులు ఆనించి లేచేలోపే పిల్ల అక్క భుజమ్మీద ఉంది. అత్తగారు మళ్ళీ కూర్చుని, డబ్బీ మూత తీసి లోపలికి తొంగిచూసింది.

"గిదేంది, బొద్దింక లెక్క ఎల్లెలకల పడ్డది? సచ్చిందా?"

"లేదత్తమ్మా, డ్యూటీలనే ఉంది."

"అయితే గట్లనే ఉండనియ్యి. పిల్ల తల్లి కాడనే పండుకుంటది" అని మూత పెట్టేసింది.

మొన్న మేనకోడలు తెచ్చిన ఆ పచ్చటి బోర్డులు అక్క కోసమేనట. కూతురు ఎక్కడినుంచి పిలిచినా వాటితో చేసిన పట్టీ ఆమె మణికట్టు మీద వణుకుతుందట. అక్క ముచ్చటపడి కట్టుకుంది. పాతదాన్ని మాత్రం వంటింట్లో కుక్కర్ పక్క మేకు నుంచి తీయనివ్వలేదు, చిప్పును సరిగ్గా కూర్చోబెట్టి ఇస్తానన్నా ఒప్పుకోలేదు. ఇప్పుడు బొమ్మ తిరగబడితే కంప్యూటరే ముందుగా చెప్పేస్తుందట. నాకు అలా చెప్పేవాళ్ళుంటే ఆ ఆదివారం అక్క భూతద్దం పట్టుకోవలసిన పనే ఉండేది కాదు.

అమ్మ ఇస్త్రీపెట్టె నా దగ్గరే ఉంది, ఇంకా వేడెక్కుతుంది. ఇప్పుడు దాన్ని ఎవరూ దాచడం లేదు.