రెండు మడుల గజ్జర విత్తనం

ఇటిక్యాల దగ్గరి మా బావి కింద నాయన, చిన్నాయన కలిసి గజ్జరగడ్డ పండించేవారు. ఇప్పుడు అందరూ క్యారెట్ అంటున్నదే అది. మా నేలలో ఎర్రగా, పొడుగ్గా ఊరేది. గద్వాల అంగడికి బండి మీద తీసుకుపోయేవారు.

గడ్డలు తవ్వే కాలంలో అన్నదమ్ములకు ఏటా ఒకటే తగువు. విత్తనానికి కొన్ని గడ్డలు ఆపి, తోక కోసి, తల భాగాన్ని మళ్లీ నాటాలి. అది పూసి, ఎండలు ముదిరేసరికి గింజ పడుతుంది. ఏ గడ్డలు ఆపాలన్నదే పేచీ. పాలిపోయి తెల్లగా ఉన్నదైనా సరే, చేతికి బరువు తగిలితే నాయన పక్కన పెట్టేవాడు. చిన్నాయన రంగు చూసేవాడు. లావన్నది పెంట ఎరువుతో, కాలువ తడితో వచ్చేది, అది పిల్ల గడ్డకు దిగదు, రంగు దిగుతుంది అనేవాడు. నాయన నమ్మలేదు.

పెద్ద యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒక ఏడు, వాదన తెగక, విత్తనపు మడిని రెండు చేసుకున్నారు. నడుమ గట్టు వేశారు. వంట మాత్రం ఒకే పొయ్యి మీద.

గింజ ఎండే వేళకు చిన్నాయన చలిజ్వరంతో మంచం పట్టాడు. నాయనే తమ్ముడి మడి కోసి, గింజ దులిపి, వేరుగా మూటకట్టి ఆయన తలాపున పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను.

ఆ చలికాలం చిన్నాయన ఆ గింజ చల్లుకున్న మడిలో ఎర్రవాటి నడుమ తెల్లగడ్డలు బయటపడ్డాయి. గంపెడు తెచ్చి నాయన ముందు కుమ్మరించాడు.

"నేను ఒక్క తెల్లది నాటలే. మూట కట్టింది నువ్వే గద అన్నా."

నాయన ఒక తెల్లగడ్డ తీసి మట్టి దులిపాడు. "నీ గింజ నీకే ఇచ్చిన. గంతకంటె నాకు తెల్వదు."

నేను చూశానని చెప్పాను. తండ్రి పక్షం పిల్ల గట్లనే అంటది అన్నాడు చిన్నాయన. ఆ నెలలోనే పొయ్యి వేరైంది. నాయన మళ్లీ గజ్జర వేయలేదు. బావి కింద కూడా జొన్నే చల్లాడు. నా పెండ్లయిన మరుసటేడు పోయాడు. చిన్నాయన పాడె మోశాడు గానీ మా ఇంట మెతుకు ముట్టలేదు.

మా అత్తగారి ఊరు వీపనగండ్ల. అక్కడికి పంటలు చూడటానికి వచ్చిన ఒక సర్కారు మనిషి, మా మామతో మాటల మధ్య గజ్జర సంగతి ఎత్తాడు. దగ్గర దగ్గర పూస్తే ఈగలు, తేనెటీగలు ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అంటిస్తాయట. తెల్లదాని పుప్పొడి పడితే ఎర్రదాని గింజకూ తెల్లగడ్డే ఊరుతుందట. తలుపు చాటు నుంచి మళ్లీ అడిగి చెప్పించుకున్నాను. గట్టు ఎంత ఎత్తు వేసినా ఆగదన్నాడు.

పుట్టింటికి పోయి ముందు అమ్మకు చెప్పాను. జొన్నలు చెరుగుతున్న చేట ఆపి, "మీ నాయనకు తెల్వక పాయె" అంది. తర్వాత చిన్నాయన ఇంటికి పోయాను. అంతా విన్నాడు.

"అన్నకు గిది తెల్సా?"

"తెల్వదు చిన్నాయనా."

చిన్నమ్మ తల దించుకుంది. ఆయన లేచి చేను వైపు పోయాడు.

మరునాడు మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. అమ్మ ఇచ్చిన చెంబులో నీళ్లు తాగాడు. తిని పొమ్మంది అమ్మ. తలుపు పక్క పీట వేసి, జొన్నరొట్టె, పప్పు పెట్టింది. ఇద్దరూ నాయన మాట గానీ, ఆ గింజ మూట మాట గానీ ఎత్తలేదు. ఆయన మెల్లగా తింటుంటే జాలి పడాల్సింది, నాకు కోపమే వచ్చింది.