క్లచ్ తొక్కినప్పుడల్లా

మూఢనమ్మకాల మీద ముప్పై ఏళ్లు వేదికలెక్కి మాట్లాడినవాణ్ణి. నా చేతులతో నేనే పుట్టించిన ఒక మూఢనమ్మకం గురించి మాత్రం ఇంతవరకు ఎక్కడా చెప్పలేదు.

మా నాన్న, బాపు, చనిపోయినప్పుడు కర్మకాండ చేయనన్నాను. ఆ రోజు నుంచి బంధువులు నా గడప తొక్కలేదు. మిగిలింది అక్క ఒక్కతే. చిన్న వయసులోనే భర్త పోయి, లక్సెట్టిపేటలో ఒంటరిగా ఉండేది. ఎనభైల నడుమ కరీంనగర్‌లో నేనొక పాత కారు కొన్నది ఆమె కోసమే. నెలకోసారి వెళ్లి తెచ్చుకునేవాణ్ణి. ఆమె ఉన్న నాలుగు రోజులే నా ఇంట్లో రెండో కంచం చప్పుడు వినిపించేది.

కారుకు ఒక జబ్బు ఉండేది. నిలబెట్టి గేరు తీసి ఉంచితే ఇంజిన్ నిదానంగానే తిరిగేది. క్లచ్ తొక్కగానే, ఎక్సిలరేటర్ మీద కాలు లేకపోయినా, గయ్యిమని లేచేది. కాలు తీస్తే దిగేది. కార్బురేటర్ విప్పి కడిగాను. ఐడ్లింగ్ స్క్రూ అటూ ఇటూ తిప్పాను. లాభం లేదు.

ఒక ఉదయం అక్క వాకిట్లో బానెట్ ఎత్తి చూస్తే, ఎక్సిలరేటర్ కడ్డీకి పసుపు గుడ్డ ముడుపు కనిపించింది.

"ఇదెవరు కట్టిండ్రు?"

"నేనే తమ్మీ. మొన్న నువ్వు బానెట్ లేపి నీళ్లకు లోపలికి పోయినప్పుడు కట్టిన. ఎములాడ రాజన్నకు మొక్కిన. బండి గట్ల అరుస్తుంటే..."

ఆ మాటను నేను పూర్తి కానివ్వలేదు.

"అరుసుడే దీంతోని! కడ్డీని పట్టి గుంజుతుంది. రోడ్డు మీద నేను సచ్చిపోతే నీ రాజన్న వస్తడా?"

ముడి గట్టిగా ఉంది. కడ్డీని వంచి లాగి ఊడదీశాను. బండి స్టార్ట్ చేసి క్లచ్ తొక్కాను. ఇంజిన్ గయ్యిమనలేదు. ఆ క్షణాన నాకు కలిగిన సంతోషం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ ఆదివారం ఇచ్చోడలో సభ. అక్కనూ వెంట తీసుకెళ్లాను. ముడుపును అందరికీ ఎత్తి చూపించి, "ఒక మనిషి ప్రాణం కాపాడాలని కట్టింది ఇది. ప్రాణం తీయబోయింది!" అన్నాను. జనం నవ్వారు. ఆడవాళ్ల వరుసలో అక్క కొంగు తలమీదికి లాక్కుంది. ఎవరు కట్టారో చెప్పలేదు కదా అని నేను ధైర్యంగా ఉన్నాను.

తర్వాతి నెల వెళితే, "మోకాళ్లు నొస్తున్నయి తమ్మీ, రాను" అంది. ఆ పై నెల చేనుపని అంది. మూడో నెల బయటికి రాకుండా కిటికీలోంచే మాట్లాడింది. ఖాళీ సీటుతో తిరిగి వస్తుంటే, ధర్మపురి దగ్గర క్లచ్ తొక్కాను. ఇంజిన్ గయ్యిమంది.

మర్నాడు కరీంనగర్‌లో మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లి ముడుపు కథంతా చెప్పాను. అతను బానెట్ ఎత్తి వంగి చూస్తూ, "తొక్కుండ్రి సార్. ఇడవుండ్రి. మల్ల తొక్కుండ్రి" అన్నాడు. తర్వాత నవ్వాడు.

"ఇంజిన్ మొత్తం ముంగటికి ఉరుకుతుంది సార్. కింద ఇంజిన్‌ను పట్టి ఉంచే ఫౌండేషన్ రబ్బర్ తెగింది. మీరు క్లచ్ తొక్కితే ఇంజిన్ జరిగి గా కడ్డీని గుంజుతుంది. తెగినకాడ మట్టి ఎట్ల పేరుకుందో చూడుండ్రి, ఏడాది దాటింది."

"మరి ముడుపు తీస్తే ఆగిందిగా?"

"తీసేటప్పుడు కడ్డీ వంచిండ్రు. జర వదులైంది, అంతే. రబ్బర్ ఇంకింత తెగేసరికి మల్ల మొదలైంది. మా తాన ముడుపు కడితే జబ్బు పోయిందంటరు, మీరు తీస్తే పోయిందంటున్నరు. రెండు ఒక్కటే గద సార్!"

దెబ్బ సరిగ్గా తగిలింది. బండి అరుస్తున్నందుకే అక్క ముడుపు కట్టింది. ముందేది, వెనకేది అని వేల మందిని నిలదీసిన నేను, ఆమెను ఒక్క ప్రశ్న అడగలేదు.

కొత్త రబ్బర్ వేయించి నేరుగా లక్సెట్టిపేట వెళ్లాను. "తప్పు నాది అక్కా. నీ ముడుపు ఏం చెయ్యలే. రబ్బర్ తెగింది" అన్నాను.

అక్క నా ముఖం చూడలేదు.

"నన్ను ఊకుంచెటందుకు అంటున్నవు. పెనిమిటిని మింగిన చెయ్యి అని ఊరంత అంటే, నువ్వొక్కనివే కాదంటివి. గిప్పుడు నువ్వు గూడ చూస్తివి. నా చెయ్యి తగిలితే ఏమైతదో."

వితంతువుల మీద నేను రాసిన వ్యాసాలలో ఒక్కటీ అక్కరకు రాలేదు. ఆమెకు చదువు రాదు. ఇంజిన్ స్టార్ట్ చేసి, ఆమె చూస్తుండగా పదిసార్లు క్లచ్ తొక్కాను. చప్పుడు మారలేదు.

"ఇను అక్కా. మంచిగైంది. ఎక్కు."

"మంచిగనే ఉన్నది. నువ్వు పైలంగ పో" అంది. రెండు చేతులూ కొంగులో చుట్టుకొని, ఎక్కడా కారుకు తగలకుండా వెనక్కి జరిగి నిలబడింది.