అన్నం వార్చేదాకా ఆగిన పోటు

ఈ ఉదయం కళ్లజోడు పెట్టుకుని ఫోను చేతిలోకి తీసుకుంటే, ఏమీ నొక్కకుండానే, దాని ముఖం మీద అగ్గిపెట్టెంత గడిలో "పోటు 9.50, తూము తెరవొచ్చు" అని తెలుగు అక్షరాలు కనిపించాయి. రెండో తరగతితో పలక పక్కన పెట్టిన నేను కూడబలుక్కుని చదువుకున్నాను. ఆ గడిని విడ్జెట్ అంటారట. దాన్ని పైసా ఖర్చు లేకుండా నా మనవరాలు ఫోనులోనే పైథాన్ అనే భాషలో రాసింది. లెక్క మాత్రం నాది. నిజం చెప్పాలంటే నాది కూడా కాదు, మా అత్తది.

నేను కాపురానికి వచ్చిన ఏడాదే ఉప్పుమళ్లకు నీరు పెట్టే పని అత్త నాకు అప్పజెప్పింది. సముద్రం పోటెక్కి ఉప్పుకాలవలో నీరు లేచినప్పుడు తూముకు అడ్డంగా ఉన్న చెక్కపలక ఎత్తితే మళ్లలోకి నీరొస్తుంది. తొందరపడి ఎత్తామా, ఎండకు చిక్కబడిన మన నీరే కాలవలోకి పోయి పదిరోజుల ఎండ దండగవుతుంది. గడియారం లేని ఆ ఇంట్లో అత్త నాచేత వేలి కణుపుల మీద తిథులు లెక్కపెట్టించి, అమావాస్యనాటి పోటు వేళకు తిథికి రెండు గడియల చొప్పున కలుపుకుంటూ పొమ్మని నేర్పింది. తప్పితే ఆ కణుపు మీదే గరిటె కాడ పడేది. ఆ తరువాత నా తూము ఏనాడూ వేళ తప్పలేదని చెప్పుకోవడానికి నాకు మొహమాటమేమీ లేదు.

పోయినేడు నా మోకాళ్లు మొరాయించాయి. లెక్క తెలిసిన మనిషే కట్ట మీదకు రాలేనప్పుడు ఇంకా ఈ మళ్లెందుకు, రొయ్యల గుంటలకు ఇచ్చేద్దామన్నాడు మా అబ్బాయి. ఒకసారి గుంట తవ్వితే ఆ నేల మళ్లీ ఉప్పుమడి కాదని నేను భీష్మించుకుంటే, వచ్చే పౌర్ణమికి నేను ఇంట్లో ఉండగా ఎవరైనా తూము సరిగ్గా తెరిచి చూపిస్తే ఇక ఆ మాటెత్తనన్నాడు. సూళ్లూరుపేటలో కాలేజీకి పోయే మనవరాలు, వాడి కూతురే, నేను తెరుస్తానని లేచి నిలబడింది.

నేను తిథులు చెప్పాను, ఆ పిల్ల రాసుకుంది. మొదటిసారి రాసిన గడి మధ్యాహ్నానికే చార్జింగంతా మింగేసింది. ఎందుకంటే అది నిమిషానికోసారి లెక్క చూసుకుంటుందట. నాకు ఒళ్లు మండింది.

"ఏందే, సముద్రం యాడికన్నా పారిపోతుందా? రోజుకు రెండుమాట్లొచ్చే పోటుకు నిమిషానికోసారి తొంగిచూసేదెందుకు?"

నవ్వుకుంటూనే మళ్లీ రాసింది. ఇప్పుడది తెల్లవారగానే ఆ రోజు వేళలన్నీ ఒక్కసారే కట్టి ఫోనుకు అప్పజెప్పి ఊరుకుంటుంది.

పౌర్ణమికి రెండు రోజుల ముందు నన్ను పట్టుకుని నడిపించి కట్ట మీద కుర్చీలో కూర్చోబెట్టి, ఆ పిల్ల గడిలో వేళ చూసి పలక ఎత్తింది. నీరు లోపలికి రావడం మాని బయటికి పరుగెత్తింది. ఒళ్లంతా బురద చేసుకుని, పలక మీద ఎక్కి తొక్కి మూసింది.

"లెక్క తప్పు చెప్పినావవ్వా!"

"నా లెక్క తప్పదు. నీ పెట్టెదే తప్పు."

ఇంటికొచ్చినా ఆ పిల్ల వదలలేదు. వేళ కట్టినాక నువ్వు ఏమేం చేసేదానివో వరసగా చెప్పమంది. ఏముంది, ఆ వేళకు ఎసరు పెట్టి, అన్నం వార్చి, గంజి తాగి తూము దగ్గరకు పోయేదాన్నని చెప్పాను.

"ముందు అన్నమెందుకు?"

"అత్త అట్టనే చెయ్యమనింది."

చెప్పి నేనే నోరు తెరిచాను. అత్త లెక్క కాలవ సముద్రంలో కలిసే చోటికి. వంకరలు తిరిగి ఆ నీరు మా తూము దాకా ఎక్కడానికి పట్టే కాలమే ఆ అన్నం. ఇన్నేళ్లూ వంటపని అనుకున్నానే గాని, అదీ లెక్కలో భాగమని నాకు తట్టలేదు.

అటక మీది మట్టికుండ దించి, సరుగుడు కట్టెలు వెలిగించి, ఎప్పటిలాగే వండాను. ఆ పిల్ల ఫోను పట్టుకుని పక్కన కూర్చుంది. గంజి తాగేసరికి నలభై ఆరు నిమిషాలు. ఒక పూటకు మించి వండిన అన్నం మర్నాడు చద్దన్నంగా దానిచేతనే తినిపించాను.

పౌర్ణమినాడు తండ్రీకూతుళ్లు కట్టకు పోయారు. నేను వసారాలో చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నానన్న మాటే గాని, తీసిన గింజల కంటే వదిలేసినవే ఎక్కువ. మా అబ్బాయి మోకాళ్ల దాకా తడిసి వచ్చాడు. రొయ్యల మాట లేదు.

"అమ్మా, నీళ్లు నిండుగా ఎక్కినాయి. తూము పలక పుచ్చిపోయిండాది, కొత్తది చేయించాల."

"అతుకేస్తే ఇంకా రెండేళ్లొస్తుంది, పోరా" అన్నాను. లోపల మాత్రం సంతోషం పోటెక్కింది.

ఆ సాయంత్రం మనవరాలు ప్రోగ్రాం చూపించింది. అన్నీ ఇంగ్లీషు అక్షరాలే, ఒక్క వరసలో తప్ప. ఆ నలభై ఆరు పక్కన "అవ్వ వాళ్లత్త అన్నం వార్చేదాకా ఆగాలి" అని రాసి ఉంది. బడి పలక కూడా పట్టని మనిషి మా అత్త.

మన ఈడు వాళ్లకు చెప్పాలా, ఇప్పుడు ఏ ఇంట్లోనైనా కుక్కరు మూడు కూతలు కూస్తే అన్నం అయిపోతుంది. మా ఇంట్లోనూ అంతే, కుండ మళ్లీ అటకెక్కింది. కట్టెల మీద అన్నం ఉడికే ఆ తీరిక ఇప్పుడు ఏ పొయ్యి మీదా లేదు; రోజూ పోటు వేళకు ఈ అగ్గిపెట్టెంత గడిలో మాత్రం, మా అత్త అన్నం వార్చేదాకా, సముద్రం ఆగుతూనే ఉంది.