అత్త చెంప మీద మావిళక్కు

ఆ రోజుల్లో రాజపాళయంలో పన్ను నొప్పికి రెండే వైద్యాలుండేవి: పన్ను పీకించుకోవడం, మారియమ్మకు మావిళక్కు మొక్కుకోవడం. మా అత్త రెండింటి నడుమా నిలబడిన మనిషి. కొత్తగా వచ్చిన పళ్ళ డాక్టరు ఆమె పుచ్చిన దవడ పన్ను పూడ్చి, "అతుక్కునే తీపి తింటే ఇది నిలవదు" అని చెప్పి పంపాడు. ఆమె ఇంటికి రాగానే, నొప్పి తగ్గింది గనుక తమిళుల ఆడి నెల మూడో శుక్రవారం మొక్కు తీరుస్తానంది. మావిళక్కంటే బియ్యప్పిండీ బెల్లమూ కలిపిన ముద్దలో గుంట చేసి, నెయ్యి పోసి వెలిగించే దీపం. గుడిలో పడుకుని, నొప్పి ఉన్నచోట ఆకు పరిచి దాని మీద పెట్టుకోవాలి. దీపం కొండెక్కాక ఆ పిండిని మొక్కుకున్న మనిషే ముందు తినాలి. (డాక్టరు వద్దన్నది సరిగ్గా అదే కదా!)

ఏడాది నిండని కోడలినైనా కొలతల్లో నన్ను మించినవాళ్ళు ఆ ఇంట్లో లేరు. రెండు గ్లాసుల పిండికి గ్లాసు బెల్లం పడుతుంది. నాటుమందుల అంగడిలో అతిమధురం పొడి కొని, నాలుక మీద వేసుకు చూసి, బెల్లానికి బదులు రెండు చెంచాలు చాలునని తేల్చాను. వేరు పొడి, పన్నుకు అతుక్కోదు, అమ్మవారికీ తీపే. ఎవరికీ చెప్పలేదు. లెక్కలో తప్పు లేదు. (తీపి లెక్కలో తప్పు ఇప్పటికీ లేదంటాను.)

గుడిలో అత్త ఎడమ చెంప పైకి పెట్టి పడుకుంది. దీపం కాసేపు చక్కగా వెలిగింది. తర్వాత ముద్ద అంచు బీటవారి నెయ్యి ఆమె చెవి వైపు పాకింది. చెంప మీద దీపంతో నోరు మెదపకూడదు గనుక అత్త కళ్ళతోనే నన్ను తిట్టింది. అంతలో ముద్ద మొత్తం కూలి, వత్తి చప్పున ఆరింది.

"అయ్యో, ఆరిపోయినాదే! ఏం వేసినావమ్మా ఇందులో?" అంది ఎదురింటి పెద్దమ్మ.

"అతిమధురం. బెల్లమైతే అత్త పన్ను మళ్ళా పోతాది."

"అమ్మ దగ్గర నీ తెలివి చూపించినావా? మొక్కు చెడిపాయె!"

అత్త లేచి కూర్చుని, చెంప మీది పిండి వేలితో తీసి నాకింది.

"ఎవురే చెడిపోయినాదనేది? నా నొప్పిని అమ్మే ఊది ఆర్పింది. తీపిగానే ఉండాది, నువ్వూ తిను" అని పెద్దమ్మ చేతిలో ఇంత ముద్ద పెట్టింది.

వీధి మలుపు తిరిగాక నా వైపు చూసింది. "ఏమే, బెల్లం తీపికి మాత్రమేనా? పిండిని పట్టుకోని నిలబెట్టేది ఎవురు, మీ నాయనా? వచ్చే వారం మళ్ళా చేయి. విళక్కుకు బెల్లం, నా నోటికి నీ అతిమధురం."

అలాగే జరిగింది. బెల్లం దీపం నిలబడి వెలిగింది. అత్త గోరంత నోట్లో వేసుకుని, నోరు పుక్కిలించి, మిగతాది మాకు పంచింది. ఆమె పోయేనాటికి ఆ పన్ను ఆమె నోట్లోనే ఉంది.

ఈ ఆడికి మొక్కు నాది, ఎడమ దవడ పన్నూ నాదే. పూడ్చింది పళ్ళ డాక్టరు చదువుతున్న మా మనవరాలి గురువు. నిన్న మనవరాలు తొట్టిలో పెంచిన సీనితులసి, అదే చక్కెరలా తియ్యగా ఉండే స్టీవియా, ఆకుల్ని ఎండబెట్టి పొడి కొట్టింది. "బెల్లం వద్దు అవ్వా, దీంతో పండ్లు పుచ్చవు. లెక్క వేసినాను, రెండు చెంచాలు చాలు" అని మెడ నిక్కించి నిలబడింది. ఆ మెడ నాకు బాగా తెలుసు.

పిండి కొలిచి ఇచ్చాను. గుడికి బయలుదేరే ముందు మాత్రం ఎడమ చెవిలో కాస్త దూది పెట్టుకున్నాను.