చెంబు మీద సొట్ట

నా చిన్నప్పుడు రావల్కోల్‌లోని మా ఇంట్లో అమ్మ పేరు చెక్కిన ఇత్తడి చెంబు ఒకటి ఉండేది. దాని నడుమన ఒక సొట్ట. చెంబు తోమి గూట్లో పెట్టేటప్పుడు అమ్మ సొట్టను గోడవైపుకు తిప్పేది. ఎవరైనా అడిగితే బావి దగ్గర పడిందనేది.

అమ్మ పోయి దినాలు అయిన మర్నాడు నాయిన ఇత్తడి సామానంతా మూట కట్టించాడు. పాత ఇత్తడి తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే మనిషి సాయంత్రం వస్తానన్నాడు. నేను చెంబు వదల్లేదు. మేడ్చల్‌లో పిల్లలకు డ్రాయింగు చెప్పే మా మేనమామ అది చూసి, నన్ను అరుగు మీద కూర్చోబెట్టి పెన్సిలు, కాగితం ఇచ్చాడు.

"పోయేది పోతది బిడ్డా. జూసుకుంట గియ్యి. నీకాడ బొమ్మన్న ఉంటది."

నేను అమ్మలాగే సొట్టను అవతలికి తిప్పి గీశాను.

"గిది దుకాణంల చెంబు. మీ అమ్మది గాదు."

"సొట్ట గీస్తే మంచిగుండది మామా."

"మంచిగుండుడు ఎవలికి గావాలె?"

మామ చెంబును నావైపు తిప్పాడు. మెరుపును గీయరని, అక్కడ కాగితాన్ని వదిలేసి చుట్టూ నలుపు పెంచాలని చూపించాడు. సొట్టలో వెలుగు తారుమారవుతుంది. పైన నలుపు, కింద తెలుపు. గీస్తూ ఉంటే దాని లోతు నా చేతికి తెలిసింది.

నాయిన వచ్చి నిలబడ్డాడు. "ఆ సొట్ట తుడువు. బాయికాడ పడ్డదానికి గింత నలుపెందుకు?"

మామ తలెత్తలేదు. "బాయికాడ పడితే అంచు వంగుతది బావా. గిది ఇసిరితే పడ్డది."

నాయిన దాన్ని అమ్మ మీదికి విసరడం అప్పట్లో నేను చూశాను. ఆ మాట మా ఇంట్లో పైకి వినబడింది మాత్రం అదే మొదలు. నాయిన కాగితం లాక్కుని చింపేశాడు. సాయంత్రం చెంబు పోయింది. మామను మళ్ళీ మా ఇంటికి పిలవలేదు, నా పెళ్ళికి కూడా.

ఈ మధ్య నాయిన పోయాడు. తమ్ముడు ఫ్లెక్సీ కోసం అమ్మానాయినల ఫొటోలు పక్కపక్కన పెట్టి, కింద 'ఆదర్శ దంపతులు' అని రాయించి నాకు ఫోన్లో పంపాడు. ఆ మాట తీసేయమన్నాను. పేర్లు, ఊరు చాలన్నాను.

"పోయినోళ్ల మీద ఇంకెందుకక్కా గివన్ని?" అన్నాడు.

ఫ్లెక్సీ ఆ మాటతోనే కట్టారు. నేను దాని ముందు నిలబడి ఫొటో దిగలేదు. అందరూ గమనించారు.

బొమ్మలు గీయడం ఎప్పుడో ఆగిపోయింది. మామ నేర్పిన చూపు మాత్రం పోలేదు. దానివల్ల నాకు చుట్టాలు తగ్గారు.